చప్పుడు లేని రిపేరు

మా బాబాయి కార్ల సొట్టలు తీసే మేస్త్రి. ఆయన సుత్తి పట్టుకుంటే వీధి చివరిదాకా వినిపించేది. ఆ చప్పుడు వినే జనం వచ్చేవాళ్లు. కార్లకు ప్లాస్టిక్ బంపర్లు, ప్లాస్టిక్ ఫెండర్లు వచ్చాక షెడ్డు మూగబోయింది. ప్లాస్టిక్‌ను కొడితే పగులుతుంది. మరిగే నీళ్లు పోసి లోపలినుంచి చేత్తో నెడితే సొట్ట బుడుక్కున పైకొచ్చేస్తుంది.

చిక్కంతా అక్కడే వచ్చింది. సుత్తి దెబ్బ పడకుండా కారు బాగైందంటే నమ్మేదెవరు? "నీళ్లు పోసి పొమ్మంటాడేంటి, ఇదేమన్నా పూలమొక్కా?" అని ఒకాయన కారు తీసుకుని పక్క షెడ్డుకు పోయాడు. ఇంకొకాయనా అదే దారి పట్టాడు.

పిన్ని తేల్చి చెప్పేసింది.

"ఇంకొక్క కారు ఇలా పోయిందంటే షట్టరు దించేసి మా అన్నయ్య టైర్ల కొట్లో కూర్చోండి. నా పొయ్యి మీద కూర ఉడికి ఎన్నాళ్లయిందో! ఎప్పుడు చూసినా మీ బంపరు నీళ్లే."

టైర్ల కొట్లో సుత్తికి పనుండదు. పైగా బావగారి ముందు నోరెత్తడానికి లేదు. బాబాయి తెగ ఆలోచించి, మూలపడున్న పాత కారు ఇనుప డోరొకటి బయటికి లాగాడు. కారు వస్తే ఓనరును బయట కుర్చీలో కూర్చోబెట్టి తెర దించేవాడు. లోపల పిన్ని బంపరు మీద నీళ్లు పోస్తుంటే, ఆయన డోరును ఠంగుఠంగున బాదేవాడు. సొట్ట తీయడం చివర్లో, నిమిషం పని. "పాపం, ఒళ్లు హూనం చేసుకుంటున్నాడు" అని బయటివాళ్లు ముచ్చటపడేవాళ్లు.

ఒకరోజు రిటైరైన హెడ్‌మాస్టరుగారు కుర్చీలో కుదురుగా ఉండలేక తెర ఎత్తారు. ఒక మూల ఆయన బంపరు, కెటిల్ పట్టుకున్న పిన్ని. ఇంకో మూల బాబాయి, డోరు.

"ఏంటయ్యా ఇది?"

బాబాయికి కళ్లముందు టైర్లు కనిపించాయి.

"కొడితే పగుల్తుందండీ. కొట్టకపోతే మీరు నమ్మరు. అందుకని..."

"అది సరేలేవయ్యా. నాది కొత్త కారు. దానికి ఈ తుప్పు డోరా కొట్టేది? కాస్త పద్ధతైనది ఏదీ లేదా?"

షెడ్డంతా వెతికినా లేదు. వెనకే ఉన్న ఇంట్లో పిన్ని ఇనుప బీరువా ఉంది. బాబాయి బిక్కమొహంతో పిన్ని వైపు చూశాడు. ఆవిడ కెటిల్ ఠప్పున కిందపెట్టి లోపలికెళ్లింది. చీరలన్నీ తీసి మంచం మీద పడేసింది. హెడ్‌మాస్టరుగారు కూడా ఒక చెయ్యి వేయగా ముగ్గురూ బీరువాను షెడ్డులోకి మోసుకొచ్చారు.

"నెమ్మదిగా, కొత్త కారు" అంటూ ఆయన పక్కనే నిలబడి బీరువాను కొట్టించారు. సంతోషంగా కారెక్కి వెళ్లిపోయారు.

"కారు పోకుండా నిలబడింది, బాగానే ఉంది. నా బీరువాకి ఇంత సొట్ట పడిందే, దీన్నెవరు తీస్తారు?" అంది పిన్ని.

బాబాయి ఆ సొట్టను అరచేత్తో తడిమాడు. అసలైన ఇనుము.

"నువ్వు జరుగు ముందు" అని చొక్కా చేతులు పైకి మడిచాడు.