క్వార్టర్ పెరట్లో ఆలుగడ్డలు

కుళ్లిన ఆలుగడ్డ వాసన ఒకసారి చేతికి అంటుకుంటే సబ్బు సగం అరిగినా పోదు. మొన్న కరీంనగర్‌లో మా ఇంటి వెనక, సిమెంటు సంచుల్లో మట్టి నింపి నాటిన గడ్డలు నెల దాటినా మొలవలేదని చెయ్యి పెట్టి చూస్తే, వేళ్లు మెత్తటి బురదలోకి దిగబడ్డాయి. ముక్కు మూసుకుని లేచానే గానీ నాకు కోపం రాలేదు. మందమర్రిలో, గని కార్మికుల క్వార్టర్ పెరట్లో, ఎనిమిదేళ్ల వయసులో మొదటిసారి పీల్చిన వాసనే అది.

అమ్మను మేం అవ్వ అనేవాళ్లం, నాన్నను బాపు అని. అవ్వ ఖానాపూర్ దగ్గర సేద్యం చేసే ఇంటి ఆడపిల్ల. బాపు గనిలో పనికి కుదిరాక, రెండు గదులూ, వెనక నాలుగు మంచాలు పట్టేంత పెరడూ ఉన్న ఆ క్వార్టర్‌లోకి కాపురానికి వచ్చింది. సైరన్ కూస్తే మాకు పొద్దు తెలిసేది; ఆరేసిన తెల్ల బట్ట సాయంత్రానికి నల్లబడేది; చలికాలం పొద్దున ప్రతి ఇంటి ముందూ బొగ్గుల పొయ్యి రాజేస్తే, ఆ పొగలో పక్కింటి మనిషిని కూడా దగ్గు విని పోల్చుకోవలసి వచ్చేది. ఆ పొయ్యి మీదే క్రిస్మస్‌కు గరిజెలు వేగేవి, ఆదివారాలు బాపుకు ఇష్టమైన ఆలుగడ్డ తాళింపు చిటపటలాడేది.

క్రిస్మస్ సంబరం చల్లారిన నెలకు మా చర్చిలో పంట పండుగ వచ్చేది. ఎవరు పండించింది వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెట్టాలి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వరి కంకులు, చెరుకు గడలు, ఒక్కరు మోయలేనంత గుమ్మడికాయలు తెచ్చేవాళ్లు. కాళ్లు కట్టిన కోడిపుంజు సరిగ్గా ప్రార్థన మధ్యలో కూసేది, పిల్లలమంతా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్లం. గని కార్మికుల ఇళ్ల నుంచి మాత్రం అంగడిలో కొన్న కూరగాయలే వెళ్లేవి. అది అవ్వకు చిన్నతనంగా ఉండేది. తన చేత్తో పండించని దాన్ని కానుక అనడానికి ఆమెకు నోరు వచ్చేది కాదు. ఒక ఏడాది స్త్రీల సమాజంలో లేచి నిలబడి, వచ్చే పండుగకు మా పెరట్లో పండిన ఆలుగడ్డలు తెస్తానని అందరి ముందూ చెప్పేసింది. ఆలుగడ్డలే ఎందుకంటే బాపుకు ఇష్టం, పైగా మా చర్చికి అప్పటిదాకా ఎవరూ తేలేదు. నవ్విన వాళ్లు నవ్వారు. అవ్వది ఉడుం పట్టు.

మొదటిసారి, బుట్టలో మొలకలొచ్చిన గడ్డల్ని పారెయ్యడం ఎందుకని ఎండాకాలంలోనే నాటింది. పైన మందమర్రి ఎండ, కింద రోజూ పోసిన నీళ్లు. గడ్డలు భూమిలోనే ఉడికి కుళ్లాయి. ఆలుగడ్డకు చలి కావాలని మాకు చెప్పినవాళ్లు లేరు. రెండో ఏడు దసరా దాటాక నాటింది. ఈసారి పుట్టింటి పద్ధతి గుర్తొచ్చి, పొయ్యి బూడిద మంచి బలమని రోజూ నా చేత తట్ట నిండా పోయించింది. పుట్టింట్లో పొయ్యిలోకి కట్టెలు, పిడకలు. మా పొయ్యిలోకి గని బొగ్గు. ఆ తేడా ఆమెకు తట్టలేదు. మొక్కలు సన్నగా పొడుగ్గా లేచాయి గానీ పీకి చూస్తే పైన పటారం, లోన లొటారం. మన్ను గడ్డపారకు కూడా లొంగలేదు. బాపు ఒక పెళ్ల చేతిలోకి తీసుకుని, “గా బూడిదతోని ఇటుకలు పోస్తరే. అండ్ల గడ్డెట్ల ఊరుతది?” అన్నాడు. ఆ ముక్క ముందే చెప్పలేదని అవ్వ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

మూడో ఏడు పెరడంతా మోకాలి లోతు తవ్వి, ఆ మన్ను బయట పారబోసి, మైలు దూరంలోని వాగు నుంచి ఒండ్రు మట్టి మోసింది. బాపు షిఫ్టుకు పోగానే నెత్తిన గంప పెట్టుకుని బయలుదేరేది. బడి లేని రోజుల్లో చిన్న గిన్నె పట్టుకుని నేను వెనక. రాత్రి మెడకు ఉప్పు కాపడం పెట్టుకుని పొద్దున మళ్లీ పోయేది. దసరా పోయాక, ముక్కకో మొలక కన్ను ఉండేలా కోసి పన్నెండు ముక్కలు నాటింది. క్రిస్మస్ నాటికి మొక్కలు మోకాలెత్తున గుబురుగా పెరిగాయి. పాస్టరమ్మ వచ్చి చూసి అవ్వ భుజం తట్టింది. ఆ పూట అవ్వ మొహం చూస్తే నాకూ గర్వంతో కడుపు నిండిపోయింది.

నాకు మాత్రం ఓపిక లేదు. చిక్కుడైతే కళ్ల ముందు కాస్తుంది, ఇది మట్టిలో ఏం చేస్తోందో ఎవరికి తెలుసు? అవ్వ నల్లా దగ్గరికి పోయినప్పుడల్లా ఒక్కో మొక్క మొదలు దగ్గర మన్ను తీసి చూసేదాన్ని. తెల్లటి దారాలు, ఒక్కో దారం చివర గోలీ అంత గడ్డ. చూసి మురిసిపోయి మళ్లీ మన్ను కప్పేదాన్ని. ఆ దారం తెగితే గడ్డ అక్కడికే ఆగిపోతుందని నాకేం తెలుసు?

పండుగ ముందురోజు తవ్వితే, పన్నెండు మొక్కలకూ కలిపి చిన్న గిన్నె కూడా నిండలేదు. పెద్దదంటే నిమ్మకాయ అంత. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుందని పక్కింటామె నవ్వింది. బాపుకు జాలేసింది.

“అంగట్ల రెండు కిలోలు కొని కలుపరాదు, ఎవ్వలకెరుక?”

“దేవునికెరుక. దేవుని సంగతి జర పక్కకు వెట్టు, నాకెరుక గద,” అంది అవ్వ.

మర్నాడు వాటిని కడిగి, స్టీలు గిన్నెలో పోసి, చేతిరుమాలు కప్పి, గుమ్మడికాయల మధ్య నుంచి నడిచి బలిపీఠం ముందు పెట్టింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అవ్వ తల వంచలేదు. నాకే ఎక్కడైనా దాక్కోవాలనిపించింది, ఎందుకంటే తప్పు నాది.

ఇంటికొచ్చే దారిలో ఇక ఆపుకోలేక, తవ్వి చూసింది నేనేనని ఏడుస్తూ చెప్పేశాను. అవ్వ నడక ఆపింది. కొడుతుందనుకున్నాను. కొంగుతో నా ముక్కు తుడిచింది.

“ఊకో బిడ్డా. నువ్వు బడికి పోంగనే నేను సుత తవ్వి సూసిన. ఉన్నయో లేవో అని పానం ఆగకపాయె.”

అంత పట్టుదల మనిషికి లోపల అంత భయం ఉందని నాకు అప్పుడే తెలిసింది. దారి మధ్యలో నిలబడి ఇద్దరం కళ్లు తుడుచుకుంటూనే నవ్వాం. వచ్చే ఏడు ఇద్దరమూ చెయ్యి పెట్టొద్దని ఒట్టు వేసుకున్నాం.

ఆ వచ్చే ఏడు రాలేదు. నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గని కోసం మా క్వార్టర్ల వరసంతా ఖాళీ చేయించారు. ఇచ్చిన కొత్త ఇల్లు రెండో అంతస్తులో, పెరడన్నదే లేదు. ఆ తర్వాత పంట పండుగలకు అవ్వ కూడా అంగడి కూరగాయలే తెచ్చింది, కానీ ఆ సంచి నా చేతికిచ్చి తాను వెనక వరసలో కూర్చునేది. బతికినన్నాళ్లూ మళ్లీ కానుకతో ముందుకు నడవలేదు.

ఇప్పుడు మా క్వార్టర్ ఉన్న చోట పెద్ద గొయ్యి, వాగు ఉన్న చోట గని మట్టి గుట్ట. ఏ ఇంటి ముందూ బొగ్గుల పొయ్యి లేదు. అవ్వా లేదు, బాపూ లేడు. ఇక్కడ మా చర్చికి పంట పండుగనాడు కూరగాయలు మార్కెట్ కవర్లలోనే వస్తాయి. ఇరవై ఏళ్లుగా నేనూ అలాగే పట్టుకెళ్లాను. ఇక పట్టుకెళ్లను. మొన్న తొందరపడి చలి రాకముందే నాటాను; ఇప్పుడు చలి మొదలైంది కాబట్టి కొత్త మట్టి తెప్పించి మళ్లీ నాటాను. పోయిన ఆదివారం స్త్రీల సమాజంలో లేచి నిలబడి, ఈసారి మా ఇంట్లో పండిన ఆలుగడ్డలు తెస్తానని చెప్పాను. కొందరు నవ్వారు. ఒక్కటే ఊరినా సరే, ఆ ఒక్కదాన్నే గిన్నెలో పెట్టుకుని బలిపీఠం దాకా నేనే నడుస్తాను.