దుప్పటి కింద కాళ్లు

మా చిన్న ఆడబిడ్డ చెప్తేనే నాకు తెల్సింది. మొన్న కోరుట్లల మా ఇంటికి వచ్చి, చాయ్ కూడ ముట్టకుండ ఫోన్ల ఫొటో చూపెట్టింది. "వదినె, సిరిసిల్లల పెద్దన్నకు సన్మానం చేసిండ్రు. ఆ దినాల్ల పోలీసుల దెబ్బలు తిన్నడని శాలువ కప్పిండ్రు." ఫొటోల మా ఆయన పెద్దన్న, మా బావ, దండ వేసుకోని నవ్వుకుంట. అప్పుడే దేవునికి దీపం పెట్టి లేచిన దాన్ని, నోట మంచి మాట రావాలె. రాలేదు. ఇప్పటికీ రాలేదు. మా నాయిన ఇంట్ల నేర్పిన నాలుగక్షరాలున్నయి నాకు, వాటితోనే జరిగింది రాస్తున్న.

నక్సలైట్ల దినాలవి. అప్పుడు మేమంత సిరిసిల్లల మా మామ ఇంట్లనే ఉంటుంటిమి. బావ గొంతు మంచిది, అన్నల మీటింగులల్ల పాటలు పాడుతుండె. పోలీసులు ఇంటికొచ్చి, ప్రతి సోమవారం ఠాణల కూసోవాలని చెప్పి పోయిండ్రు. సోమవారం తెల్లారేసరికి బావకు నడుం కింద కాళ్లు పడిపోయినయి. రాయికల్ నుంచి తైలం తెప్పిచ్చి నేను, తోటికోడలు రుద్దినం. అన్నం ముద్దలు చేసి నోట్ల పెట్టినం. కూరల కారం తక్కువైతే మాత్రం ఆ నోరు బాగనే లేస్తుండె. బావ కాళ్లు వస్తే ఎములాడ రాజన్న గుడిల కోడె కడ్తనని మొక్కి నేను ఒక్కపొద్దులున్న.

కొడుకు బదులు మా మామ ఠాణకు పోయిండు. "వాడు లేవలేడు సారూ, నేనొచ్చిన" అన్నడట. ఆ ముసలాయన అరికాళ్ల మీద కొట్టిండ్రు. ఇంటికొచ్చి పసుపు గుడ్డ కట్టుకోని, గుంట మగ్గంలకు దిగి, ఆ కాళ్లతోనే తొక్కిండు. మగ్గం ఆగితే మా ఇంట్ల పొయ్యి ఆగుతది మరి. సోమవారం రాంగనె మళ్ల పోతుండె.

ఒక పగటిపూట బావకు గంజి తీస్కపోయిన. పక్క అర్రల మామ మగ్గం ఆడుతున్నది. బావ కండ్లు మూసుకోని పండుకున్నడు. దుప్పటి కింద ఆయన కాళ్లు, కుడిది, ఎడమది, మళ్ల కుడిది, ఆ చప్పుడుకు సరిగ్గ తొక్కుతున్నయి! చిన్నప్పటి సంది మగ్గం తొక్కిన కాళ్లాయె, అబద్ధమాడుడు వాటికి చాతకాలేదు.

"బావా, నీ కాళ్లే నిన్ను పట్టిచ్చినయి. వచ్చే సోమవారం నువ్వు లే" అన్న. ఆయన గోడ దిక్కు తిరిగి, "చలి పెడ్తున్నది, దుప్పటి సరిజెయ్యి" అన్నడు. ఒళ్లు మండి మామ దగ్గరికి ఉరికి చెప్పిన. మామ నాడె విసురుడు ఆపలేదు. "మెల్లగ, బిడ్డా. మొదటి దినమే చూసిన."

"తెల్సి కూడ పోతున్నవా మామా?"

"నా కాళ్లు పోతే కాళ్లే పోతయి. వాడు పోతే వాపసొస్తడా?"

పోలీసుల రాక తగ్గినంక బావ లేచి నడిచిండు. "నీ మొక్కు ఫలించిందమ్మా" అన్నడు నాతోని, నవ్వుకుంటనే. కోడెను నేను మామ కాళ్ల పేరు మీద కట్టిన. అవి మాత్రం మళ్ల మగ్గం గుంటలకు దిగలేదు. పోయేదాక మడిమల మీదనే నడిచిండు, ఒక్కనాడు కొడుకునొక మాట అనలేదు. గసొంటి మనిషి నోట బిడ్డా అని పిలిపిచ్చుకున్నందుకు దేవునికి రోజు దండం పెడ్త. బావను క్షమించే బుద్ధి మాత్రం ఆ దేవుడింక ఇయ్యలేదు.

ఇప్పుడు సిరిసిల్లల మగ్గాలు కరెంటుతోని నడుస్తున్నయి, కాళ్లతోని పనిలేదు. దెబ్బలు తిన్నదెవరో కూడ కాలం మార్చేస్తదని నాకు మొన్ననే తెల్సింది. ఆ శాలువ ఫొటో మీ ఫోన్లకు కూడ వస్తే, అండ్ల లేని మా మామను ఒక్కసారి యాద్ చేసుకోండ్రి.