పాస్టరు గారు చూడని గద్ద

నా చిన్నప్పుడు మా ఊళ్లో గద్ద అంటే కోడిపిల్లల దొంగ, అంతే. దాని నీడ వాకిట్లో పడితే చాలు, వాడకట్టులోని ఆడవాళ్లంతా చేటలు కొట్టుకుంటూ, హూష్ హూష్ అని అరుచుకుంటూ బయటికి ఉరికేవాళ్లు. చర్ల దారిలో, అడవి అంచున ఉండేది మా ఊరు. అలాంటి ఊళ్లో, తాటాకుల ప్రార్థన పాకలో నిలబడి, ఒక ఆదివారం పాస్టరు గారు దేవుడు పక్షిరాజు లాంటివాడన్నారు. పక్షిరాజంటే గద్దేనని కూడా చెప్పారు. మా నాయనమ్మ పక్కున నవ్వింది. "మన కోడిపిల్లలను ఎత్తుకపోయేదా?" అని నా చెవిలో అన్నది. ఆమెకు చెవిలో చెప్పడం చేతకాదు, పాకంతా విన్నది.

పాస్టరు గారు కోపం తెచ్చుకునే మనిషి కాదు. కోస్తా వైపు నుంచి వచ్చి మా ఊళ్లోనే ఒక గది కిరాయికి తీసుకుని, సైకిలు మీద చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగేవారు. ఆయన కూడా నవ్వేసి, అసలు సంగతి మొదలుపెట్టారు. గద్ద ముసలిదైతే కొండ మీదికి పోయి, ముక్కును బండకు కొట్టుకుని ఊడగొట్టుకుంటుందట. పాత ఈకలు తానే పీక్కుని, కొత్తవి వచ్చేదాకా అక్కడే కూర్చుని, మళ్లీ పడుచుదైపోతుందట. పళ్లన్నీ ఊడిన మా నాయనమ్మకు ఇది అస్సలు నచ్చలేదు. అప్పటిదాకా దాని తిండి ఎట్లా అని గొణుగుతూనే ఉంది.

ఆ తర్వాత చెప్పిన మాటే నా కొంప ముంచింది. పిల్లకు రెక్కలు రాగానే తల్లి గద్ద దాన్ని గూట్లోంచి తోసేస్తుందట. అది కిందికి పడుతుంటే దూసుకొచ్చి తన రెక్కల మీద పట్టుకుంటుందట. మళ్లీ పైకి తీసుకుపోయి మళ్లీ తోస్తుందట. ప్రేమంటే అదీ అన్నారు పాస్టరు గారు. అందరూ ఆమెన్ అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది మా నాయన.

మా నాయన అప్పుడప్పుడే ప్రభువును నమ్ముకున్నాడు. పాస్టరు గారి మాట ఆయనకు శాసనం. బోరు ఎక్కడ వేయాలో, ఎద్దును అమ్మాలో వద్దో కూడా ప్రార్థన చేయించుకున్నాకే తేల్చేవాడు. ఆ ఏడు మా ఊరి బడిలో నా చదువు అయిపోయింది. పై చదువుకు కొత్తగూడెంలో ఆడపిల్లల హాస్టలు చూశాడు. చదువంటే నాకూ ఇష్టమే, పోవడానికి సరేనన్నాను. ఆ ఆదివారం ఇంటికొచ్చి మాత్రం కొత్త మాట అన్నాడు. "గేటు కాడ దింపి ఎనక్కి చూడకుంట వస్తా. దసరా దాక రాను. గద్ద గట్లనే తోస్తదంట, అప్పుడే రెక్కలు పనిచేస్తయంట."

ఆ పూట నాకు అన్నం సహించలేదు. ఇంటి గడప దాటి ఒక్క రాత్రి కూడా వేరే చోట పడుకోని పిల్లను. తోయడం వరకు బాగానే ఉంది, కింద పట్టుకునే రెక్కలు మా నాయనకు ఏవీ? ఆయనకున్నది రెండెడ్ల బండి.

ఎండలు ముదిరిన రోజులవి. ఆఖరి కోత మిర్చి వాగు ఒడ్డున కల్లంలో ఎండుతోంది. నాయనమ్మా నేనూ పొద్దంతా అక్కడే కూర్చుని, రంగుపోయి తెల్లబడ్డ తాలుకాయలు ఏరేవాళ్లం. వాగు అవతల మద్దిచెట్టు మీద పాముల గద్ద గూడు ఉండేది. అందులో ఒక్కటే పిల్ల. ఇక చూడండి, నా చేతులు కాయల మీద, కళ్లు గూటి మీద. తల్లి ఎప్పుడు తోస్తుందా అని ఒకటే భయం.

తల్లి తోయలేదు. పామును పట్టుకొచ్చి, రోజూలా గూట్లో పెట్టకుండా పక్క కొమ్మ మీద వాలింది. పిల్ల ఒకటే గోల. తల్లి కూడా పిలిచింది గానీ కదల్లేదు. పిల్ల గూటి అంచుకు వచ్చి, రెక్కలు టపటపలాడించి, భయపడి లోపలికి పోయింది. అలా కొన్నాళ్లు సాగింది. చివరికి ఒకనాడు కొమ్మ మీదికి గెంతింది, తూలింది, నిలదొక్కుకుంది, తిన్నది. నాకు సంతోషంతో ఏడుపొచ్చేసింది. "సూసినవా నాయనమ్మా, తోయలే!" అని అరిచాను. "ఏ తల్లి తోస్తదే, పిచ్చిదానా!" అన్నది ఆమె, తల ఎత్తకుండానే.

మా ప్రార్థనలో సాక్ష్యం చెప్పడం అని ఒకటుండేది. ప్రసంగానికి ముందు ఎవరైనా లేచి, ఆ వారం దేవుడు చేసిన మేలు చెప్పవచ్చు. జ్వరం తగ్గిందనో, తప్పిపోయిన బర్రె దొరికిందనో చెప్పేవాళ్లు. పిల్లలు లేచేది లేదు. ఆ ఆదివారం నేను లేచాను. అందరికీ వందనాలని పెద్దవాళ్లలాగే మొదలుపెట్టాను. "పాముల గద్ద పిల్లను తోయలే. నేను సూసిన. పక్క కొమ్మ మీద కూసొని పిలిసింది, పిల్లే వచ్చింది. దేవునికి స్తోత్రం," అని గబుక్కున కూర్చున్నాను.

నాయన ముఖం కందగడ్డ అయింది. ఇంటికెళ్లాక నా వీపు విమానం మోతే అనుకున్నాను. పాస్టరు గారు మాత్రం, "నాకు చూపిస్తావా తల్లీ?" అన్నారు.

ఆ సాయంత్రమే కల్లానికి వచ్చారు. వెనకే మా నాయన. మిర్చి ఘాటుకు తుమ్మి తుమ్మి, ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. తల్లి గద్ద రాలేదు. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ మళ్లీ వచ్చారు. నాయనమ్మ పాస్టరు గారిని ఊరికే కూర్చోనిస్తుందా? "సేతులున్నయి గదయ్యా, జర తాలు ఏరు," అన్నది. ఏరారు పాపం. ఆ ఏరుడులోనే నా హాస్టలు సంగతి, దసరా సంగతి మొత్తం ఆయన చెవిన వేసింది. అప్పుడు వచ్చింది తల్లి గద్ద. ఈసారి గూటికి దూరంగా, వాగుకు మా వైపున్న చెట్టు మీద వాలి పిలిచింది. పిల్ల గాల్లోకి లేచింది. అటూ ఇటూ ఊగుతూ, ఇక పడుతుందనుకుంటుండగా వచ్చి తల్లి పక్కన వాలింది. అంతసేపూ తల్లి దాని మీంచి చూపు తిప్పలేదు. పాస్టరు గారి చేతిలోని తాలుకాయ చేతిలోనే ఉండిపోయింది. మా నాయన లేచి నిలబడి మరీ చూశాడు.

ఆ వారం సాక్ష్యం వేళ పాస్టరు గారు బల్ల దగ్గరికి పోలేదు. మా మధ్యన చాప మీద కూర్చుని, అందరిలాగే లేచి నిలబడ్డారు. గద్ద తోస్తుందన్నది ఎక్కడో పెద్ద సభలో విన్నానని, వినడానికి బాగుందని చెప్పేశానని, కళ్లతో చూసింది కాదని అన్నారు. బైబిల్లో తల్లి గూడు కదుపుతుందని, పిల్లలపై రెక్కలు చాపి వాటిని మోస్తుందని ఉంది గానీ తోసేస్తుందని లేదని, అది తాను కలిపిన మాటేనని చెప్పారు. ముక్కు సంగతీ తాను చూసింది కాదన్నారు. "గట్ల అను," అన్నది నాయనమ్మ. ఆయన మా నాయన వైపు తిరిగి, "హాస్టల్లో పిల్లల్ని ఆదివారమే చూడనిస్తారట. ఆ రోజు ప్రార్థనకు రాకపోయినా దేవుడేమీ అనుకోడు. మీరు అక్కడికి వెళ్లండి," అన్నారు.

బళ్లు తెరిచాక నాయన నన్ను దింపాడు. నేను మెట్లెక్కి లోపలికి పోయేదాకా గేటు పట్టుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత, వానకు రోడ్డు తెగితే తప్ప, ప్రతి ఆదివారం బస్సులు మారి వచ్చేవాడు. తెచ్చిన సర్వపిండి నేను తింటుంటే చూస్తూ కూర్చునేవాడు. నేను ఆ హాస్టల్లో నిలబడ్డాను, చదువుకున్నాను, టీచరునయ్యాను.

పాస్టరు గారు తర్వాత వేరే ఊరికి వెళ్లిపోయారు. నిజం చెప్పొద్దూ, ఆయన ప్రసంగాలు వేరేవి ఒక్కటీ నాకు గుర్తులేవు. అంతమందిలో చాప మీంచి లేచి, ఒక చిన్నపిల్ల మాట నిజమని ఒప్పుకున్న ఆ మనిషి మాత్రం నా తరగతి గదిలోకి రోజూ నాతోపాటే వచ్చేవాడు. ఏ పిల్లో లేచి మీరు చెప్పింది తప్పు టీచర్ అంటే, అబద్ధమెందుకు, నాకు ఒళ్లు మండేది. అయినా అన్నేళ్ల ఉద్యోగంలో ఒక్క పిల్లను కూడా నోరు మూసుకుని కూర్చోమనలేదు.