నీలికళ్ళ సింహాద్రి చెవులు

2019 జనవరి. జంషెడ్‌పూర్‌లో, పర్సుడీహ్ బజారు దగ్గరున్న ఒక చిన్న కంటి క్లినిక్‌లో నేను ఆప్టోమెట్రిస్టుగా చేరి అప్పటికి పంతొమ్మిదేళ్ళు. ఆప్టోమెట్రిస్టు అంటే డాక్టరు కన్నా ముందు మీ కళ్ళు చూసే మనిషి. చూపు కొలవడం, అద్దాల నంబరు రాయడం, ఏదైనా తేడా కనిపిస్తే డాక్టరు దగ్గరకు పంపడం నా పని. తేడా కనిపించాక దాని సంగతి తేలేదాకా నాకు అన్నం సయించదు. మా ఆయన దీన్ని ఉడుంపట్టు అంటాడు. నేను ఉద్యోగం అంటాను.

ఆ నెలలో ఒక మధ్యాహ్నం ఒక అత్తా కోడలూ వచ్చారు. అత్త అప్పలనర్సమ్మ విజయనగరం వైపు మనిషి, పెళ్ళై వచ్చి నలభై ఏళ్ళుగా టాటానగర్ స్టేషన్ దగ్గరే ఉంటోంది. కోడలు తులసి ఇక్కడే పుట్టి పెరిగింది. తులసి ఒళ్ళో పద్నాలుగు నెలల పిల్లాడు, పేరు సింహాద్రి. ఈమధ్యే పుట్టెంట్రుకలు తీయించారట, గుండు మీద నూగు మొలుస్తోంది. వాడు తలెత్తి చూసేసరికి నా చేతిలో టార్చి ఆగిపోయింది. చామనఛాయ ముఖంలో నీలం కళ్ళు! పిల్లికళ్ళు కావు. తేనెరంగు, బూడిదరంగు పిల్లికళ్ళు మనవాళ్ళలోనూ అక్కడక్కడా ఉంటాయి. ఇవి అచ్చంగా నీలం.

"దీదీ, కళ్ళు నల్లబడటానికి డ్రాప్స్ ఏమైనా ఉన్నాయా?" తులసి గొంతు తగ్గించి అడిగింది. "మా గల్లీలో లోగ్ ఏదేదో అంటున్నారు."

ఏమంటున్నారో అత్తగారే అనేసింది. "తెల్లోడి కళ్ళు మీ ఇంటికెలాగొచ్చాయని అడుగుతన్నారమ్మా. నా కోడల్ని నేనెరగనా? కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు బయటికెల్లింది. అదే నా అనుమానం."

గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదని చెప్పాను. మనిషి కంట్లో నీలం రంగు అంటూ అసలు ఉండదు. ఉన్నదల్లా మెలనిన్ అనే గోధుమరంగు పదార్థం. టీలో డికాక్షన్ లాంటిదే అది. దండిగా ఉంటే కన్ను నల్లగా, తగ్గితే తేనెరంగులో, మరీ తగ్గితే లోపలికి పోయిన వెలుతురు చెదిరి నీలంగా కనిపిస్తుంది. జుట్టు రంగూ ఈ మెలనిన్ రకాన్ని బట్టి, మోతాదును బట్టే. ఎండ మండే చోట్ల ఈ పదార్థం ఒంటికి కాపలా కాస్తుంది కాబట్టి తరతరాలుగా నిలిచింది. ఎండ తక్కువున్న ఉత్తరాది దేశాల్లో అది తగ్గినా నష్టం లేకపోయింది, చర్మానికైతే తగ్గడమే కొంత మేలైంది. కళ్ళూ జుట్టూ అక్కడ అన్ని రంగులుగా ఎందుకు విడిపోయాయో శాస్త్రజ్ఞులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

అయితే ఇదంతా ఈ పిల్లాడికి అతకదు. ఒళ్ళంతా తల్లి చాయే, కళ్ళలో మాత్రం రంగు లేదు. పైగా కళ్ళ లోపలి మూలలు ఒకదానికొకటి ఎడంగా ఉన్నాయి. స్కేలు పెట్టి కొలిచాను. చదువుకునే రోజుల్లో పుస్తకంలో చూసిన ఒక పేరు గుర్తొచ్చింది, వార్డెన్‌బర్గ్ సిండ్రోమ్. రంగు తయారుచేసే కణాలు, పిల్ల కడుపులో ఉండగానే, చేరాల్సిన కొన్ని చోట్లకు చేరవు. కంటికి చేరకపోతే కన్ను నీలం, నుదుటి మీది జుట్టుకు చేరకపోతే అక్కడ తెల్లటి పాయ. అదే కణాలకు చెవి లోపల కూడా పనుంది. అక్కడికి చేరకపోతే వినికిడి ఉండదు.

"పిన్నిగారూ, పుట్టినప్పుడు వీడి నుదుటి దగ్గర జుట్టు తెల్లగా ఉండేదా?"

"ఉండేదమ్మా, ఇంత కుచ్చు! దేవుడికి ఇచ్చేసినాం కదా, ఇంక నేదు."

నేను పిల్లాడి వెనక్కి వెళ్ళి చప్పట్లు కొట్టాను. తాళాల గుత్తి ఆడించాను. వాడు తల్లి గాజుల్ని లెక్కపెడుతున్నట్టు తడుముతూనే ఉన్నాడు. చెవుల పరీక్ష చేయించాలన్నాను.

"ఓలమ్మ! మా గుంటడికి చెవులు బేషుగ్గా వినిపిత్తాయి," అంది అప్పలనర్సమ్మ. "గూడ్సు బండి వత్తే సాలు, ఆట ఆపేసి గుమ్మం వైపు సూత్తాడు. కళ్ళు సూడమని వత్తే చెవుల గొడవేటి నీకు? కందకి నేని దురద కత్తిపీటకెందుకమ్మా?"

ఒళ్ళు మండింది నాకు. అయినా డాక్టరుగారి చేత బెరా టెస్టుకి చీటీ రాయించి ఇచ్చాను. నిద్రపోతున్న పిల్లల తలకు సన్నని తీగలు అంటించి, చప్పుడు మెదడు దాకా చేరుతోందో లేదో చూసే పరీక్ష అది. ఆవిడ చీటీ మడిచి రొంటిన దోపుకుని వెళ్ళిపోయింది.

పదిరోజులైనా వాళ్ళు పరీక్షకు వెళ్ళలేదు. ఫోన్ చేస్తే, "అత్త వద్దంటోంది దీదీ," అంది తులసి. మాట నేర్చే మెదడుకు మొదటి రెండు మూడేళ్ళే ముఖ్యం. ఆ వయసు దాటిపోయాక ఎంత మంచి మిషను పెట్టినా మాట రావడం కష్టం. పిల్లాడికి అప్పటికే పదిహేనో నెల. ఇళ్ళకు వెళ్ళడం నా డ్యూటీ కాదని తెలుసు. ఆదివారం పొద్దున్నే ఆటో ఎక్కేశాను.

రెండు గదుల ఇల్లు. వెనక గుమ్మానికి పది అడుగుల అవతల రైలు పట్టాలు. తులసి మొగుడు సూరిబాబు కాంట్రాక్టు కింద పార్సిళ్ళు ఎత్తుతాడు. జుట్టుకు వేసుకున్న నల్లరంగు నుదుటికి కూడా అంటుకుని ఉంది. టీ తాగుతుండగా గూడ్సు వచ్చింది. నేల మీద కూర్చున్న సింహాద్రి చెంచా వదిలేసి గుమ్మం వైపు తిరిగాడు.

"సూసినావా?" అంది అప్పలనర్సమ్మ, గెలిచినట్టు.

నిజం చెప్పాలంటే నేనూ తడబడ్డాను. నా అంచనా తప్పేమో అనుకుంటుండగా అరికాళ్ళలో ఏదో జివ్వుమంది. నేల వణుకుతోంది.

"ఇంకో బండి వచ్చేదాకా నేను కదలను," అన్నాను. పిల్లాణ్ణి చీర ఉయ్యాల్లో వేయించాను.

అరగంటకు ఇంకో గూడ్సు, హారన్ మోగిస్తూ మరీ వచ్చింది. గూట్లో గ్లాసులు గలగలమన్నాయి. ఉయ్యాల్లో సింహాద్రి కాలి బొటనవేలు నోట్లో పెట్టుకుని చీకుతున్నాడు. కదల్లేదు. తులసి ఉయ్యాల వెనక నుంచి "సింహాద్రీ!" అని గొంతు చించుకుని అరిచింది. వాడు వేలు చీకుతూనే ఉన్నాడు. అప్పలనర్సమ్మ వాణ్ణి తీసి నేల మీద పెట్టింది. ఆఖరి వ్యాగన్లు పోతున్నాయి. వాడు గుమ్మం వైపు చూశాడు. ఆవిడ తన అరచెయ్యి నేలకు ఆనించి చూసుకుంది.

"ఇన్నాళ్ళూ కాళ్ళతో ఇంటన్నాడా నా నాయన!" అని భోరుమంది.

అప్పుడు సూరిబాబు నోరు విప్పాడు. "మేడమ్ జీ, నా ఎడమ చెవి కూడా చిన్నప్పట్నుంచీ పన్జెయ్యదు. పని దొరకదని ఎవరికీ సెప్పలేదు." నుదుటి మీది జుట్టు పక్కకు తీసి చూపించాడు. రంగు కింద మొదళ్ళు తెల్లగా ఉన్నాయి. "ఇదీ పుట్టుకతోనే. అమ్మ పుట్టుమచ్చనుకుంది, నేను రంగేసి కప్పేసినాను."

తులసి అతని వంక చూసిన చూపు నేను మర్చిపోలేను. "గల్లీ మొత్తం నన్ను అన్ని మాటలంటుంటే, ఇది దాచుకుని కూర్చున్నావా?"

"రెండూ ఒకటేనని నాకేటి తెలుసే?" అన్నాడతను. పాపం, అది నిజమే. ఈ జబ్బు తల్లిదండ్రుల నుంచి బిడ్డకు వస్తుంది, ఒక్కొక్కరిలో ఒక్కోలా బయటపడుతుంది. అయినా నాకు జాలి చూపించే తీరిక లేదు. "రేపు ఎనిమిదింటికి చెవుల ఆసుపత్రి దగ్గర ఉండాలి. నువ్వూ తులసీ పిల్లాడూ, ముగ్గురూ!" అన్నాను.

సింహాద్రికి రెండు చెవులూ దాదాపు వినపడవని తేలింది. ముందు హియరింగ్ ఎయిడ్లు పెట్టారు, చాలలేదు. రెండేళ్ళు నిండేలోపు కోల్‌కతాలో కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చారు. అది చప్పుణ్ణి నేరుగా వినికిడి నరానికి అందించే పరికరం. ఆ తర్వాతే అసలు కష్టం. వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్కో మాటా రోజుకు వందసార్లు తులసి చెప్పించింది. ఇప్పుడు వాడు హిందీ తెలుగు కలగలిపి మాట్లాడతాడు. మాట కాస్త ముద్దగా వస్తుంది, కానీ పోట్లాటలో ఎవరికీ తీసిపోడు. సూరిబాబు కుళాయి దగ్గర నిలబడి, పిల్లాడి కళ్ళు తన వల్లనే అలా వచ్చాయని గల్లీకంతా తనే చెప్పాడు.

2022లో ఒకరోజు అప్పలనర్సమ్మ నుంచి ఫోన్. "అమ్మా, తులసికి ఆడపిల్ల పుట్టింది. కళ్ళు నల్లగా నిగనిగలాడతన్నాయి. జుట్టూ నలుపే."

"చాలా సంతోషం పిన్నిగారూ!" అన్నాను. నిజంగానే నా గుండెల మీంచి బరువు దిగింది. కళ్ళు నల్లనివి కదా, ఇంకేం భయం లేదనుకున్నాను. ఇన్నేళ్ళ అనుభవం ఉన్న నేను!

"సంతోషానికేటిలే. చెవుల టెస్టు సేయించమన్నాను. కళ్ళు బాగానే ఉన్నాయి, తొందరేటన్నారు. సేసేదాకా ఆసుపత్రి మెట్ల మీంచి లేవనని కూకున్నాను. ఒక చెవి పన్జెయ్యదటమ్మా. పర్వానేదు. మూడో రోజుకే తెలిసిపోయింది కదా, ఇంక మేం సూసుకుంటాం."

రంగు మనల్ని ఒక ప్రశ్న అడిగేలా చేస్తుంది, అంతే. జవాబు రంగులో ఉండదు. ఆ సంగతి పుస్తకంలో చదివిన నాకు ఆవిడ మళ్ళీ నేర్పాల్సి వచ్చింది. ఇప్పుడు ఏ రంగు కళ్ళతో పసిపిల్ల నా ముందుకొచ్చినా, చెవుల పరీక్ష అయిందా అని తల్లిని అడిగాకే టార్చి వెలిగిస్తాను.