సారమ్మ సమాధి మీది కలుపు

హెబ్బగోడి సమాధుల తోటకు దేవదానం కాపలాదారు. నవంబరు రెండున సమాధుల పండగ వచ్చేలోగా కలుపంతా పీకి, రాళ్లకు సున్నం కొట్టడం ముప్పై ఏళ్లుగా ఆయన పని. గడ్డిపరక కనిపిస్తే ఆయన చెయ్యి ఊరుకోదు. భార్య సారమ్మనూ అక్కడే పెట్టి నాలుగేళ్లయింది. ఆ రాయి తక్కినవాటికన్నా ఒక పిసరు తెల్లగానే ఉంటుంది.

నిరుడు అక్టోబరులో, కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే అనూష ఆ రాతి పగుల్లో జానెడు మొక్కల్ని చూసింది. గోరంత ఊదాపువ్వు, ఆకు కింద తెల్లటి నూగు. తోటంతా వెతికినా ఇంకెక్కడా లేవు. పుస్తకాలన్నీ తిరగేసి, ఇది ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టని మొక్కలా ఉందని చెప్పింది. కాయ చూడందే కొత్తదని రాయడం కుదరదు కాబట్టి నెల రోజులు పీకవద్దని అడిగింది. దేవదానం సరేనన్నాడు. ఏటా తను పీకి పారేస్తున్నది అదేనని మాత్రం చెప్పలేదు.

పండగనాడు మరదలు హెప్సిబా చామంతులు తెచ్చి, సమాధి చూసి ఆగిపోయింది.

"ఊరందరివీ అద్దం మాదిరి పెట్టినావు. మా అక్కదే ఇట్ల బీడు పెడితివా బావా?"

మాట ఇవ్వడం తేలికే, నలుగురి ముందు నిలబెట్టుకోవడమే కష్టం. దేవదానానికి తల కొట్టేసినట్లయింది. వంగి, మొక్కలన్నీ వేళ్లతో సహా పీకేశాడు.

అనూష వచ్చి ఖాళీ పగులు చూసింది. తిట్టి ఉంటే ఆయనకు కాస్త తేలికయ్యేది. మట్టిలో పాత గింజ ఏదైనా మిగిలి ఉంటేనే మళ్లీ మొలుస్తుందని చెప్పి వెళ్లిపోయింది. ఎండాకాలమంతా దేవదానం ఆ పగుల్లో రోజూ చెంబెడు నీళ్లు పోశాడు. రాయికి నీళ్లేంటని నలుగురూ అడిగినా మానలేదు.

జూలై వానలకు రెండాకులు లేచాయి. ఈ ఏటి పండగకు హెప్సిబా పీకబోతే ఆయన అడ్డం నిలబడ్డాడు. అది వాళ్లక్క దగ్గర తప్ప ఎక్కడా లేదట అని చెప్పాడు. ఆమె చామంతుల్ని ఆ మొక్కకు తగలకుండా పక్కన పెట్టింది.

నెలాఖరుకు కాయ ముదిరింది. అనూష రాసుకున్నది చదివి వినిపించింది. ఆకు, పువ్వు, కాయ, చివరికి దొరికిన చోటు: హెబ్బగోడి సమాధుల తోట, ఒక రాతి పగులు.

"ఆ రాతి మీద పేరుండాది గదమ్మా," అన్నాడు దేవదానం. "అదీ రాయి."

అనూష పెన్ను తీసి, 'ఒక' అన్న మాట కొట్టేసి, సారమ్మ పేరు రాసింది.