గ్లెనిస్ ప్యూ పోయని టీ

గ్లెనిస్ ప్యూ కుక్కల మెడకు కరెంటు పట్టీ బిగించేదని అన్నారు. తిండి పెట్టకుండా మాడ్చి మాట వినేలా చేసేదని అన్నారు. లండన్ నుంచి వచ్చి ఇక్కడ పెద్ద ఇళ్లు కొన్నవాళ్లంటే ఆమెకు కడుపుమంట అనీ, ఆ మంటను ఏడ్రియన్ కెంబుల్ గారి కుక్క మీద తీర్చుకుందనీ అన్నారు. ఆమె పక్షం వహించినవాళ్లేమో ఆమె తప్పు రవ్వంత కూడా లేదని, కెంబుల్ కావాలనే తన కుక్కను చంపుకున్నాడని అన్నారు.

ఈ నాలుగు మాటలూ తప్పే. కుక్కలకు శిక్షణ ఇచ్చే ఆమె లైసెన్సు మీద జిల్లా కౌన్సిల్ విచారణ జరిపినప్పుడు అందులో కూర్చున్న ముగ్గురిలో నేనొకణ్ణి. కాగితాలన్నీ చదివాను. పశువైద్యుడి నివేదికలో కుక్క మెడ మీద ఏ మచ్చా లేదు. బార్లీ అనే ఆ బాక్సర్ కుక్క ఆమె ఇంటికి వచ్చిన రోజు ఇరవై తొమ్మిది కిలోలు తూగింది. వెళ్లిన రోజు ముప్పై. ఆ ఏడాది బార్లీ కాక ఆమె దగ్గర శిక్షణ పొందిన పదకొండు కుక్కల్లో ఏడు లండన్‌వాళ్లవే, ఆ ఏడుగురూ ఆమెను మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు. ఇక కెంబుల్ విషయానికి వస్తే, ఆయన పశువైద్యుడి గదిలో నేల మీద కూలబడి ఏడ్చాడు. ఆ ఏడుపు నిజమైనదే. కాగితాలు చూసి మాట్లాడదామన్న ఇంగితం మాత్రం రెండు పక్షాల్లో ఒక్కరికీ కలగలేదు. ఈ ష్రాప్‌షైర్ కొండల్లో యాభై ఏళ్లుగా ఉంటున్నాను. ఆ వేసవిలో సిగ్గుపడినంతగా ఎన్నడూ సిగ్గుపడలేదు.

గ్లెనిస్ గొర్రెల కాపరి కూతురు. కుక్క చేత పని చేయించడం ఆమెకు నడక వచ్చిన నాటి నుంచీ తెలుసు. ముప్పై అయిదో ఏట, పెంపుడు కుక్కలను ఇంట్లో పెట్టుకుని బుద్ధులు నేర్పే పని మొదలుపెట్టింది. యజమానులు కుక్కను మూడు వారాలు ఆమె దగ్గర వదిలి వెళ్లేవారు. పెరట్లో కౌన్సిల్ వారు తనిఖీ చేసిన కుక్కల గదులు ఉండేవి గాని, నాలుగో రోజు నుంచీ ప్రతి కుక్కా ఆమె వంటింట్లోనే పడుకునేది.

ఆమె నేర్పేవాటిలో ముఖ్యమైనది మ్యాట్ పాఠం. చేత్తో చూపితే కుక్క వెళ్లి మ్యాట్ మీద పడుకోవాలి, పంపినవాళ్లు పిలిచేదాకా అక్కడే ఉండాలి. మొదటి రోజు మూడు ఊపిరుల సేపు. వారం గడిచేసరికి పావుగంట. ఆ తర్వాత వాకిట గంట మోగినా, పోస్టు మనిషి వచ్చినా, నేల మీద సాసేజి ముక్క దొర్లినా కదలకూడదు. ఇందుకు ఆమె వాడినవి ఉడికించిన కోడిమాంసం ముక్కలు, అంతులేని ఓపిక. రెండింటికీ సాక్షులున్నారు.

కుక్కకు నేర్పడం సులభమని ఆమె అనేది. కష్టమంతా చివరి రోజున, యజమాని వచ్చినప్పుడు. అప్పగింతకు రెండు గంటలు పట్టేది. అందులో అసలు పాఠం పాఠంలా కనిపించేది కాదు. యజమాని చేత కుక్కను మ్యాట్ మీదకు పంపించి, టీ పోసి, సోంపు కేకు కోసి, కబుర్లలోకి దించేది. ముప్పై ఏళ్లు బడి నడిపి రిటైరైన లిడ్‌బరీ టీచరమ్మ తన వంతు వచ్చిననాటి సంగతి నాకు స్వయంగా చెప్పింది.

"ఇంకో ముక్క తీసుకోండి టీచరమ్మా."

"చాలు తల్లీ, ఇప్పటికే కుర్చీ మూలుగుతోంది."

"కుర్చీ సంగతి నేను చూసుకుంటా. మీ కుక్క ఏదీ?"

టీచరమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఇరవై అయిదు నిమిషాలుగా ఆ టెరియర్ మ్యాట్ మీద అలాగే పడుకుని, రెప్ప వాల్చకుండా ఆమె వీపు వైపే చూస్తోంది.

"అయ్యో నా తండ్రీ, నిన్ను మరిచేపోయానురా!" అంటూ ఆవిడ కళ్లు తుడుచుకుంది.

"అందరూ మరిచిపోతారు. నా ముందు ఒకసారి మరిస్తే ఇంటి దగ్గర మరవరు. పంపింది మీరు. పిలవాల్సిందీ మీరే. అది మీ మాట మీద ఉంది, ఇంకెవ్వరి మాట మీదా లేదు."

ఇరవై మూడేళ్లలో ఆ టీ తాగిన ప్రతి ఒక్కరూ కుక్కను మరిచారు, ప్రతి ఒక్కరూ సిగ్గుపడ్డారు. ఆ సిగ్గే వాళ్ల కుక్కలకు రక్ష.

బార్లీ కెంబుల్ గారి తల్లి మీదకు దూకి, ఆవిడ మణికట్టు విరగడానికి కారణమైంది. అందుకే దాన్ని గ్లెనిస్ దగ్గరకు పంపారు. మే నెలాఖరున, ఒక శుక్రవారం మధ్యాహ్నం కెంబుల్ దాన్ని తీసుకువెళ్లడానికి వచ్చాడు. కారు ఇంజను ఆపను కూడా ఆపలేదు. గ్లెనిస్ చెయ్యి చూపగానే బార్లీ వెళ్లి మ్యాట్ మీద పడుకుంది. ఆమె దాని ముందు సాసేజి దొర్లించింది. అది చూసింది గాని కదల్లేదు.

"బాబోయ్! వీడు మా వాడేనా, మార్చేశారా?"

"మీ వాడే. కూర్చోండి, టీ పెడతాను. అసలు సంగతి ఇంకా చెప్పలేదు."

"టీ మా ఇంట్లోనూ కాస్తారు ప్యూ గారూ. ఆరు లోపల ఇల్లు చేరాలి. సంతకం ఎక్కడ పెట్టమంటారు?"

"రెండు గంటలని ముందే చెప్పాను కదండీ."

"వీడికి ఇంత నేర్పాక నాకు నేర్పడానికి ఏం మిగిల్చారు? నిజం చెప్పండి, ఇన్నేళ్లలో ఇలాంటి కుక్కను ఎప్పుడైనా తయారు చేశారా?"

"లేదు," అంది గ్లెనిస్. అది నిజమే. ఆ మాట అంటున్నప్పుడు తాను నవ్వానని కూడా తర్వాత ఆమే ఒప్పుకుంది. ఇరవై నిమిషాలకే పెన్ను ఆయన చేతికిచ్చింది. 'రెండు గంటల అప్పగింత పాఠం పూర్తిగా పొందాను' అని అచ్చువేసిన కాగితం కింద ఆయన సంతకం చేశాడు.

జూలైలో ఒక ఆదివారం కెంబుల్ ఇంటికి నలుగురు స్నేహితులు భోజనానికి వచ్చారు. ఇంటి వెనక రాతి బండలు పరిచిన నేల మీద, గోడ నీడలో ఆయన మ్యాట్ పరిచి బార్లీని దాని మీదకు పంపాడు.

"కదిలితే నా పేరు మార్చుకుంటా, చూడండి."

"ఈ ఇంట్లో నీ మాట వినే ప్రాణి ఇదొక్కటే అన్నమాట!" అన్నాడొక స్నేహితుడు. అందరూ నవ్వారు.

తర్వాత ఊరి మైదానంలో క్రికెట్ ఆట జరుగుతోందని, అరగంట చూసి వద్దామని బయల్దేరారు. అరగంట మూడు గంటలైంది. నీడ గోడ వెంట జరిగి వెళ్లిపోయింది. రాయి కాలింది. బాక్సర్ ముక్కు పొట్టిది, ఎండ వేడిని అది ఎక్కువసేపు ఓర్చుకోలేదు. ఎనిమిది అడుగుల దూరంలో, పియర్ చెట్టు కింద, నిండు గిన్నెలో నీళ్లున్నాయి. వాళ్లు తిరిగి వచ్చేసరికి బార్లీ చచ్చిపోయి ఉంది. నాలుగు కాళ్లలో ఒక్కటి కూడా మ్యాట్ అంచు దాటలేదని అతిథుల్లో ఒకామె విచారణలో చెప్పింది.

వారం తిరక్కుండా కరెంటు పట్టీ కథ ఊరంతా పాకింది. దుకాణంలో రొట్టె కొంటున్న గ్లెనిస్‌ను డెరెక్ అనే కసాయి, "ఏం గ్లెనిస్, ఇవాళ ఎవరికి కరెంటు పెడుతున్నావ్?" అని అడిగాడు.

"నీకు పెట్టినా వెలగవులే డెరెక్," అని ఆమె రొట్టె తీసుకుని వెళ్లిపోయింది. డెరెక్ పెంపుడు కుక్క నేర్చిన బుద్ధులన్నీ ఆమె చలవే.

సెప్టెంబరులో విచారణ. లైసెన్సు పోతే ఆమెకు వేరే బతుకుతెరువు లేదు. అందరికీ తెలిసిన సంగతే. కెంబుల్ నల్ల కోటు వేసుకుని వచ్చాడు.

"పిలవకపోతే ప్రాణం పోయేదాకా అక్కడే ఉంటుందని ఈవిడ నాకు ఒక్క ముక్క చెప్పలేదండీ."

అధ్యక్షురాలు హిల్డా ఓక్లీ ఆ కాగితం ముందుకు జరిపింది. "ఈ సంతకం మీదేనా?"

ఆయన కాగితం దగ్గరకు తీసుకుని చూశాడు. "నాదే."

"రెండు గంటల పాఠం పూర్తిగా పొందానని ఉంది."

మా దృష్టిలో అక్కడితో విచారణ ముగిసింది. హిల్డా కలం మూత పెట్టేసింది కూడా. అప్పుడు గ్లెనిస్ లేచి నిలబడింది.

"సంతకం ఆయనదేనండీ. పాఠం మాత్రం జరగలేదు."

"ప్యూ గారూ, మీరేమంటున్నారో తెలిసే అంటున్నారా?"

"తెలుసు. ఇరవై నిమిషాలు ఉన్నాడు. టీ తాగలేదు. నేను పోయనూ లేదు. తాగకపోతే కుక్కను తీసుకెళ్లొద్దని అనాల్సింది, అనలేదు. నన్ను పొగుడుతున్నాడు, బాగుందనిపించింది."

"కూర్చో అమ్మా," అన్నాను నేను. అనకూడని మాట అది, అయినా అన్నాను.

"కూర్చుంటా గాని, రాసుకోండి. ఆ కాగితం మీద సంతకం నేనే పెట్టించాను. అది అబద్ధం."

రాసుకున్నాం. దొంగ కాగితం దొంగ కాగితమే కాబట్టి ఆమె లైసెన్సును ఏడాదిపాటు నిలిపివేశాం. నేనూ చెయ్యి ఎత్తాను. మళ్లీ అడిగినా ఎత్తుతాను. యాభై ఎనిమిదేళ్ల వయసులో ఆమె ఆ పని మళ్లీ మొదలుపెట్టలేదు. ఇప్పుడు ఒక వృద్ధాశ్రమం వంటింట్లో పనిచేస్తోంది.

కెంబుల్ మరుసటి వారమే స్థానిక పత్రికకు, 'ఆమె నేరం ఒప్పుకుంది, నాకు న్యాయం జరిగింది' అని చెప్పాడు. ఇరవై నిమిషాలకే లేచి వెళ్లింది తానేనని ఆ వార్తలో ఎక్కడా లేదు. ఆయన నోరు మూయించే కాగితాన్ని ఆమె తన చేత్తో చించేస్తే, ఆ ముక్కలు ఏరుకుని ఆయన ఆమె మీదే విసిరాడు. నవంబరులో మరో బాక్సర్ పిల్లను కొన్నాడు. అది తప్పని చెప్పే చట్టం లేదు. ఉంటే బాగుండును.

గ్లెనిస్ ప్యూ ఏ కుక్కనూ కొట్టలేదు, మాడ్చలేదు, కరెంటు పట్టీ కట్టలేదు. ఒక శుక్రవారం మధ్యాహ్నం పొగడ్తకు లొంగి, టీ పోయకుండా కుక్కను అప్పగించింది. జరగని పాఠం జరిగిందని సంతకం చేయించుకుంది. ఆ సంతకం తనను కాపాడబోయిన క్షణంలో అది అబద్ధమని తానే లేచి చెప్పింది. ఆమె చేసింది ఇదీ, ఇంతే.