నా పేరుతో చదివిన మాటలు

అక్క పోయిన వారానికి ఆమె కొడుకు పలమనేరు నుంచి ఫోన్ చేశాడు. ఆదివారం ఇంటి ముందు అమ్మను తలుచుకునే ఆదరణ కూడిక పెడుతున్నాం, ఇంటివాళ్ళు తలా రెండు మాటలు చెప్పాలి అన్నాడు.

"నీకిప్పుడు చదవను వస్తాది గదా చిన్నమ్మా. పేపర్లో చూసి చదువు. అందురూ మెచ్చుకుంటారు."

ఏం చెప్పాలా అని తిరుపతి నుంచి బస్సులో ఆలోచిస్తూ వెళ్ళాను. మా అక్క గురించి మాట చెప్పడం తేలిక కాదు. ఆమె నోరు వీధంతటికీ తెలుసు. పాలు పోయించుకోవడానికి వచ్చినవాళ్ళను కూడా తిట్టే పంపేది. యాభై దాటాక నేను చర్చి వరండాలో అక్షరాలు దిద్దుకుంటున్నానని తెలిసి, "కాటికి కాళ్ళు చాపుకున్నాక నీకు పలకెందుకే" అని నలుగురిలో నవ్వింది. అదే అక్క ఒకసారి ఇంట్లో ఎవరూ లేనప్పుడు, "నా పేరు ఎట్లుంటాదో రాయి, సూస్తా" అంది. పశువుల కొట్టం ముందు మట్టిలో పుల్లతో రాశాను. వంగి చాలాసేపు చూసింది. "ఇంతేనా?" అంది. కాలితో చెరిపేసింది.

ఎందుకు చెరిపింది? వెక్కిరింపుగానా? తన పేరును ఎవరైనా తొక్కుతారనా? తన పేరు తనకే చదవను రాదని సిగ్గుపడిందా? బస్సు పూతలపట్టు దాటినా అదే ఆలోచన. తేలలేదు. పక్క సీట్లో ఆవిడ బొటనవేలితో ఫోన్‌లో వీడియోలు పైకి తోస్తూనే ఉంది. ఒక చావు, ఒక వంట, ఒక డాన్సు, ఒక దేవుడు. ఏదీ ఆమె ముఖంలో ఆగలేదు. నేను కిటికీ వైపు తిరిగాను.

ఇల్లు చేరగానే అక్క కోడలు ఒక కాగితం చేతిలో పెట్టింది.

"ఇదేందమ్మా?"

"నీ మాటలే చిన్నత్తా."

"నేనింకా చెప్పనే లేదు గదా!"

"నువ్వు యాడ కష్టపడతావని ఫోన్‌ని అడిగినాము. చెల్లెలు అక్క గురించి ఏడస్తా చెప్పినట్ల రాయమంటే, అట్లే రాసిచ్చినాది. రొంతసేపు గూడా పట్టలా."

వేలు పెట్టి చదివాను. ఒక్కో మాటా కూడబలుక్కోవడానికి నాకు సమయం పడుతుంది. ఆ సమయంలో, ఇది నిజమా అని మనసు అడుగుతూనే ఉంటుంది. 'సహనమూర్తి అయిన నా అక్క ఏనాడూ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు.' దాని కింద, 'లేటు వయసులో నేను చదువుకోవడానికి తొలి ప్రోత్సాహం ఆమెదే.'

పాచిపోయిన అన్నం నోట్లో పెట్టుకున్నట్టయింది. అక్క కొడుకును పిలిచి చూపించాను.

"ఇది మీ అమ్మేనా?"

"మంచి మాటలే గదా చిన్నమ్మా. పోయినోళ్ళను తిడతామా?"

"తిట్టమని యెవురన్నారు? ఒక గంట కూర్చోని మీ అమ్మను తలుచుకున్నావా అని అడగతా ఉండా."

"గంటా!" అని నవ్వాడు. "షామియానావోడు, వంటోడు, పాస్టర్ గారికి కారు. నాకు తలుచుకునే టైము యాడుండాది? కొత్తగా సదువొచ్చినోళ్ళతో ఇదే తంటా. ప్రతిదానికీ అర్థం యెతకతారు."

కన్నతల్లిని తలుచుకునే పనిని కూడా షామియానాలాగా బాడుగకు తెచ్చుకున్నాడు. నాకతని ముఖం చూడబుద్ధి కాలేదు.

కూడికలో ముందు అతను తన కాగితం చదివాడు. 'కటువైన మాట ఎరుగని మా అమ్మ' అనగానే, పాలకు వచ్చే ఆడవాళ్ళు వెనక వరసలో కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"అట్లయితే మనల్ని తిట్టిందెవురు మే?" అంది ఒకామె గొంతు తగ్గించి.

ఆ పూటంతా మా అక్క కనబడింది ఆ ఒక్కచోటే.

నా వంతు వచ్చింది. కాగితం కుర్చీలోనే పెట్టి మైకు దగ్గరికి వెళ్ళాను. "మా అక్క నా అక్షరాలు సూసి నవ్వింది. ఒకతూరి తన పేరు రాయించుకోని, చెరిపేసింది. ఎందుకో ఇంకా ఆలోచిస్తా ఉండాను. తెలిస్తే చెప్తా" అని వచ్చి కూర్చున్నాను.

ఎవరూ ఆమెన్ అనలేదు. కోడలు గబగబా లేచి ఆ కాగితం తీసుకుంది. "చిన్నత్తకు దుఃఖంతో మాట తడబడింది. ఆమె రాసుకొచ్చింది నేను చదువుతాను" అని, గొంతు వణికిస్తూ మొదటి నుంచి చివరి దాకా చదివింది. ముందు వరసలో కళ్ళు తుడుచుకున్నారు. నేను బతికి, ఎదురుగా కూర్చుని ఉండగానే నా నోరు ఇంకొకరు తీసుకున్నారు.

భోజనాల దగ్గర ఒక పెద్దావిడ నా చేయి పట్టుకుంది.

"ఎంత బాగా రాసినావమ్మా! నాకు ఏడుపు ఆగలా."

"అవి నా మాటలు కాదమ్మా. ఫోన్ రాసినాది."

"యెవురు రాస్తే ఏముండాది? నీకు ఏడుపొచ్చిందా లేదా?"

"రాలేదు" అన్నాను.

ఆమె వినడానికి ఆగలేదు. అప్పటికే పక్కకు తిరిగి, సాంబారు ఇటు పంపమని ఎవరినో పిలుస్తోంది.